రెండో మంట రంగు

ఫిబ్రవరి 7, సాయంత్రం ఐదు

కిటికీలు బిగించడం అయిపోయింది. మా అపార్ట్‌మెంట్ భవనానికి రెండు ద్వారాలు, మా బి ద్వారంలో పన్నెండు ఇళ్ళు. పన్నెండింటికీ కాంచోయే పని చేశాడు. అద్దాల ఫ్యాక్టరీ మూతపడక ముందు వాడు నా క్వాలిటీ తనిఖీ బల్ల దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నాడు. గదిలో వేడి బయటికి పోనివ్వని కోటింగ్ ఉన్న అద్దమే వేస్తానని ఒప్పుకున్నాడు.

ఆ కోటింగ్ మామూలుగా కంటికి ఆనదు. పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. వాడికి అది నేర్పింది నేనే. జంట అద్దం ముందు లైటర్ వెలిగిస్తే నాలుగు మంటలు కనిపిస్తాయి, రెండు అద్దాలకు నాలుగు ముఖాలు కదా. మూడు పసుపు, ఒకటి గులాబీ. ఏ ముఖంలో మంట గులాబీగా ఉంటే ఆ ముఖానికి కోటింగ్ ఉన్నట్టు.

పడగ్గదిలో వెలిగించాను. నాలుగూ పసుపే.

ఫిబ్రవరి 8

హాల్లోనూ అంతే. ఎదురింటి మిల్కా ఇంట్లోనూ అంతే. మిల్కా నా భుజం మీదుగా తొంగి చూసి, లోపలి నుంచి రెండోది గులాబీగానే ఉందే వెనెతా, సరిగ్గా చూడు అంది. నువ్వు వేసుకున్న ఎర్ర స్వెటరు అందులో పడుతోందిలే, కాస్త పక్కకి జరుగు అన్నాను. జరిగింది. జరిగాక కూడా గులాబీయే అంది. లైబ్రరీలో పుస్తకాలకు ముద్రలు కొట్టుకున్న మనిషి, ముప్పై ఒక్క ఏళ్ళు అద్దం చూసిన నాకు చెబుతోంది!

ఫిబ్రవరి 12, రాత్రి ఎనిమిది

మీటింగ్ అయింది. కింది అంతస్తు ఇంట్లో, ఆ కిటికీ ముందే. ఎ ద్వారం పెద్దమనిషి బ్రానిమిర్ కూడా వచ్చాడు, వాళ్ళ కిటికీల ఆర్డర్ కూడా కాంచోదే మరి. వచ్చే ఏడాది వరకు షెడ్డు నడిచేది ఆ ఆర్డర్ మీదే.

కాంచో తనే లైటర్ వెలిగించి, ఇదుగో రెండోది చూడండి పిన్నిగారూ అన్నాడు. నాలుగూ పసుపే, నాకు కళ్ళు పోయాయనుకుంటున్నావట్రా అన్నాను. వాడు మంటను వదిలి నా కళ్ళలోకి చూశాడు. తర్వాత లైటర్ జేబులో పెట్టుకుని, మీరు లేదన్నాక నేనేం చెప్పను అని వెళ్ళిపోయాడు. వాదించలేదంటే దొరికిపోయినట్టేగా. వెనెత చెప్పాక ఇంకేముంది అన్నారు అందరూ. బ్రానిమిర్ అక్కడికక్కడే ఆర్డర్ రద్దు అన్నాడు.

ఫిబ్రవరి 13

వాడు నా మీద అరిచి ఉంటే బాగుండేది.

మార్చి 1

మిల్కా వచ్చి నా మణికట్టుకు మార్తెనిత్సా కట్టింది. ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనింది, వసంతంలో చెట్టు పూసేదాకా చేతికి ఉంచుకోవాలి. నిరుటిది అంటగట్టావా, తెల్లది పసుపెక్కిపోయింది అన్నాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది. నిన్ననే కొన్నానే తల్లీ, పాలలా ఉంటే నీకు పసుపెక్కడ కనిపించింది, అన్నిటికీ వంకేనా అంటూ వెళ్ళిపోయింది.

ఎ ద్వారానికి పొరుగూరి కంపెనీ మనుషులు కిటికీలు మోస్తున్నారు, అవీ కోటింగ్ అద్దాలేనట.

మార్చి 6, ఉదయం ఏడు

వింత. పడగ్గది కొత్త అద్దం నిండా మంచు చెమ్మ. లోపల నుంచి గుడ్డతో తుడిచాను, పోలేదు. చెమ్మ బయటివైపు ఉంది. వంటగది కిటికీ నేను మార్చలేదు, పాతికేళ్ళ నాటి కోటింగ్ లేని జంట అద్దం. అది శుభ్రంగా ఉంది. రెండూ ఒకే గోడకి ఉన్నాయి, రెండు గదుల్లోనూ హీటర్ వెలుగుతోంది.

టీ చల్లారిపోయింది, నేను అక్కడే నిలబడ్డాను. వంటగది వేడి అద్దం దాటి బయటికి పోతోంది కాబట్టి ఆ అద్దం వెచ్చగా ఉంది, చెమ్మ పట్టలేదు. పడగ్గది వేడి బయటికి పోవడం లేదు. బయటి అద్దం చలికి వణుకుతోంది.

అంటే కోటింగ్ ఉంది.

అదే రోజు, పది

మిల్కా తలుపు తట్టాను. ఎర్ర స్వెటరు తీసేసి తెల్ల ఏప్రన్ వేసుకుని రమ్మన్నాను. పిచ్చిగానీ పట్టిందా అంటూనే వచ్చింది. లైటర్ పెట్టాను. పసుపు, గులాబీ, పసుపు, పసుపు అని లెక్కపెట్టింది. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. పసుపు, పసుపు, పసుపు, పసుపు.

నా చేతికున్న దారం ఏ రంగు అని అడిగాను. ఆవిడ ఈసారి కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుంది.

మార్చి 9

రెండు కళ్ళలోనూ శుక్లాలు, బాగా ముదిరాయి. ఇన్నాళ్ళూ మీరు పసుపు అద్దంలోంచి లోకాన్ని చూస్తున్నారమ్మా, మెల్లగా వచ్చింది కాబట్టి తెలియలేదు అన్నాడు డాక్టరు. ఎన్నాళ్ళుగా అన్నాను. అది మీరే చెప్పాలి అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ బస్సులో ఒకటే ఆలోచన. మరి అసలు గులాబీ ఎలా ఉంటుంది?

మార్చి 10

మా ద్వారం కింది తలుపు మీద, ఎవరైనా పోతే అంటించే చావు కబుర్ల కాగితాల పక్కన, నా చేత్తో రాసి అంటించాను. కాంచో అద్దంలో లోపం లేదు, నా కంట్లో ఉంది, వెనెత.

తర్వాత షెడ్డుకి వెళ్ళాను. సగం బల్లలు ఖాళీ. ఆ రోజే నీకు తెలిసిందిగదరా, ఎందుకు చెప్పలేదు అన్నాను. మంట చూడ్డం నాకు నేర్పింది మీరు, మీ కన్ను పోయిందని నలుగురిలో నా నోటితో ఎలా అంటాను పిన్నిగారూ అన్నాడు. ఏడ్చాను. వాడు కుర్చీ తుడిచి వేశాడు.

ఏప్రిల్ 4

రెండో కంటి కట్టు విప్పారు. దారం తెల్లగా ఉంది! మిల్కా పళ్ళు కూడా నేననుకున్నంత పచ్చగా లేవు. ప్లమ్ చెట్టు పూసింది, మార్తెనిత్సా విప్పి కొమ్మకు కట్టాను. పడగ్గదిలో లైటర్ వెలిగించాను. రెండో మంట గులాబీ. ఎంత ముద్దొచ్చిందో.

ఏప్రిల్ 6

కాఫీకి బ్రానిమిర్ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ కొత్త కిటికీ ముందు లైటర్ వెలిగించాను.

నాలుగూ పసుపే.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. కాంచోకు ఫోన్ చేసి రమ్మన్నాను. ముందు నువ్వు చూడరా అన్నాను.