కోడలు చెప్పిన కచ్చా కుట్టు

చెల్లీ, దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా. మనసు కుదుటపడటానికి వేసుకునే మాత్రలు నువ్వు మానేస్తానంటున్నావని మరిదిగారు ఫోనులో చెప్పారు. అందుకే మా కోడలి సంగతి రాస్తున్నాను. తనూ అలాంటివే వాడుతోంది. మొహంలో నవ్వు తిరిగొచ్చాక పక్కింటావిడ, "బాగయ్యావుగా, ఇంకా ఎందుకమ్మా ఆ మందులు?" అంది. ఆ మాట విని కోడలు ఉన్నట్టుండి మానేసింది. కొద్ది రోజులకే కళ్ళు తిరగడం, ఊరికే ఏడుపు రావడం మొదలైంది. తనే డాక్టరమ్మకు ఫోన్ చేసి, మానేశానని దాచకుండా చెప్పింది. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టించి, మానే వేళ వచ్చినప్పుడు తానే కొంచెం కొంచెంగా తగ్గిస్తానంది. కోడలిది బట్టలు కుట్టే పని కదా. పక్కింటావిడ మళ్ళీ అడిగితే, "పక్కా కుట్టు పడకముందే కచ్చా కుట్టు లాగేస్తే చొక్కా ఏమవుతుంది పిన్నిగారూ?" అంది. "నీ నోరే సూది తల్లీ" అని ఆవిడ నవ్వేసింది. నాకైతే ఆ పిల్లకు దండం పెట్టాలనిపించింది.

నువ్వూ మీ డాక్టరును అడగకుండా మానకు. నువ్వు మందుగా తినే ఆకుపొడి సంగతీ ఆయనకు చెప్పు, ఈ మాత్రలతో పడుతుందో లేదో. వంటింటి కప్పు కారడం ఆగిందా? ఎవరైనా ఇటు వస్తుంటే నా ఊలు శాలువా పంపు.

ఇది కవరులో పెట్టి పంపుదామనుకున్నాను. కోడలే ఈ పోస్టుకార్డు తెచ్చిచ్చి, "నా సంగతి పోస్టుమ్యాను చదివితే చదవనీండి అత్తయ్యా, వాళ్ళింట్లో ఎవరికైనా పనికొస్తుంది" అంది. అంత ధైర్యం దేవుడు నీకూ ఇవ్వాలి.

మీ అక్క