తాతయ్య టేకు బల్ల

బెజవాడ, 12-1-76

అమ్మా, నేను క్షేమం, దగ్గు తగ్గింది. మా రాక్ బ్యాండు కోసం బాడీ పగిలిన పాత బేస్ గిటార్ చవగ్గా కొని, కొండపల్లిలో బొమ్మలు చేసే సాంబయ్య గారి చేత పొనికి చెక్కతో కొత్త బాడీ చేయించాను. అది దూదిలా తేలిక. భుజాన తగిలించుకుని చెయ్యి తీస్తే, గిటార్ మెడ బరువుకి ఆ కొస నేలకి వాలిపోతోంది. "బొమ్మకైతే పొనికి చాలు బాబూ, దీనికి టేకు కావాలి" అని ఇప్పుడంటున్నారాయన.

తాతయ్య టేకు బల్ల అడగడానికి మొహమాటంగానే ఉంది. జ్ఞానస్నానం పుచ్చుకున్నాక డప్పు వదిలేసి, ఆ బల్ల మీదే వేళ్లతో దరువేసుకునేవాడని నువ్వే చెప్పావు. నాన్న సరేనంటే పామర్రులో బస్సుకి వేయించు.

చెల్లి మళ్లీ బడికి పోతోందా? గేదె ఈనిందా? గుణదల తిరునాళ్లకి అందరూ రండి. మరియమ్మ తల్లి మిమ్మల్ని చల్లగా చూడాలి.

బల్ల మీద తాతయ్య వేళ్లకి అరిగిన చోట మాత్రం చిత్రిక పట్టనివ్వను.

నీ అంతోని