బ్యాట్ వదలని పరుగు

అన్నయ్యా,

నువ్వు పోయాక వచ్చిన నీ మొదటి పుట్టినరోజు ఇవాళ. ఫ్రిస్కో పార్కులో పాతకాలపు రూల్స్‌తో బేస్‌బాల్ ఆడుతున్నారంటే నీ కూతురు సిరిని తీసుకెళ్ళాను. ఎవరి చేతికీ గ్లవ్స్ లేవు. బ్యాటర్ రాగానే అంపైర్ "హై ఆర్ లో?" అని అడిగి, బ్యాటర్ కోరిన ఎత్తులోనే బంతి వేయిస్తున్నాడు.

నాకు నవ్వాగలేదు. తొలినాళ్ళ లీగుల్లో మొనగాళ్ళనిపించుకున్న హిట్టర్లంతా అలా అడిగి వేయించుకున్నవాళ్ళేనని నువ్వు మురిసిపోతూ చెప్పేవాడివి. కంచంలో అన్నం చల్లారిపోయినా వాళ్ళ యావరేజీలు ఆపేవాడివి కాదు.

"అడిగి వేయించుకుని కొడితే గొప్పేముంది?" అనేదాన్ని.

"అడిగినచోట పడ్డా కొట్టలేనివాళ్ళు ఎంతమందో నీకేం తెలుసే!" అని కసిరేవాడివి.

చూడ్డానికి వచ్చినవాళ్ళనీ ఆడనిస్తున్నారు. సిరి వంతు వచ్చింది. "లో, ప్లీజ్" అంది. బంతి కిందుగానే వచ్చింది. మన డ్రైవ్‌వేలో నువ్వు నేర్పిన స్వీప్ షాట్ గుర్తుందిగా, మోకాలు వంచి అదే లాగి కొట్టింది. కొట్టి, క్రికెట్‌లోలా బ్యాట్ పట్టుకునే పరుగెత్తింది! "డ్రాప్ ద బ్యాట్!" అని అందరూ ఒకటే అరుపులు. నీ ఆఫీసువాళ్ళతో మొదటిసారి ఆడినప్పుడు నువ్వు చేసిందీ ఇదే కదా. సిరి బేస్ దాకా వెళ్ళి, బ్యాట్ నేలకి ఆనించి మరీ ఆగింది.

తిరిగొచ్చాక అడిగాను, "బ్యాట్ వదలాలని తెలీదుటే?"

"రూల్ నాకు తెలుసు అత్తా. బట్ నాన్న ఇలానే రన్ చేసేవాడు కదా."

ఇక వాదించను అన్నయ్యా. అడిగినచోట పడ్డ బంతిని కొట్టడం గొప్పే.

నీ చెల్లి