పదకొండు గీతలు

వరంగల్,
12 ఫిబ్రవరి 2025, బుధవారం.

చిరంజీవి లావణ్యకు,

పెద్దమ్మ ప్రేమలత ఆశీస్సులతో రాస్తున్నది. ఖమ్మం హాస్టల్లో వేళకు తింటున్నావని తలుస్తాను. మీ పెదనాన్నకు దగ్గు తగ్గింది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి రావడం మొదలైంది, వీధంతా తుమ్ములే.

నీ పిల్లి సర్కార్ పోయి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. ఫోన్లో నువ్వే నన్ను ఓదార్చావు. "ఊకో పెద్దమ్మా, ఉన్నట్టుండి అయితే నువ్వేం జేస్తవ్" అన్నావు. ఆ మాట మింగుడుపడక రాస్తున్నాను.

వాణ్ణి నాకు అప్పగించి పోతూ తిండి, నీళ్లు, వాడు మూత్రానికి వెళ్లే మట్టితొట్టి చూసుకోమన్నావు. నోటుబుక్కులో మూడు గళ్లు గీశాను. తొట్టిలోకి వెళ్లినప్పుడల్లా ఒక గీత. మామూలుగా మూడో నాలుగో. సోమవారం పదకొండు వచ్చాయి. ఎండలు మొదలయ్యాయి, నీళ్లు బాగా తాగుతున్నాడు కాబోలు అనుకున్నాను.

మంగళవారం పొద్దున ముద్ద ముట్టలేదు. నురగ కక్కాడు. తొట్టిలోనే ముడుచుకుపోయాడు. పొట్ట తాకితే అరిచాడు, లోపల నిమ్మకాయంత గట్టిగా తగిలింది. కూరగాయల బుట్టలో పెట్టుకొని ఆటోలో పశువుల దవాఖానకు వెళ్లాను. మూత్రం ఎప్పుడు పోశాడని డాక్టరు అడిగారు. నేను గర్వంగానే పుస్తకం తెరిచాను. ఆయన చూసి, "అమ్మా, ఎన్నిసార్లు పోయిండో రాసిండ్రు. చుక్క పడ్డదా లేదా రాయలేదు గదా" అన్నారు. దారి మూసుకుపోయిందట. గొట్టం వేసి తీశారు గానీ, అప్పటికే విషం ఒళ్లంతా పాకిందట. పన్నెండు కాకముందే నా ఒళ్లో పోయాడు.

మీ మెస్సు దగ్గర ఒక మగపిల్లికి అన్నం పెడుతున్నానన్నావు. అది మాటిమాటికీ కూర్చుంటూ చుక్క పోయకపోతే, మూలుగుతూ కింద నాక్కుంటుంటే, ఇంకో పూట చూద్దామనుకోకు. ఆ గంటలోనే తీసుకెళ్లు. అది ఆగే జబ్బు కాదు.

ఇట్లు,
నీ పెద్దమ్మ
ప్రేమలత

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. ఉన్నట్టుండి కాదు బిడ్డా. సోమవారం పొద్దున్నే, వెనక గదిలో కిరాయికుండే సమ్మమ్మ మార్కెట్‌కు కూలికి పోతూ ఆగి చెప్పింది. "అక్కా, సర్కార్ ఊకె కూసుంటాండు గని మట్టి తడుస్తలేదు. జల్ది దవాఖానకు తీస్కపో" అంది. "నువ్వు పోయి మిరపకాయల తొడిమెలు తీసుకో, పిల్లి లెక్క నా దగ్గరుంది" అని నవ్వాను. ఆమెకు చదువు రాదని తెలిసీ, పుస్తకం ముందర పెట్టి అప్పటిదాకా గీసిన ఒక్కో గీతా వేలితో చూపించాను.

మరునాడు సాయంత్రం జామచెట్టు కింద గొయ్యి తవ్వింది సమ్మమ్మే. నన్ను ఒక్క మాట అనలేదు. తను ముందే హెచ్చరించిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నువ్వైనా అను.