డార్క్ హార్స్ అంటే నలుపు కాదట

బెంగుళూరు,
శనివారం సాయంత్రం.

అన్నయ్యకు,

చెల్లెలు నాగమణి నమస్కరించి రాసేది. నేనిక్కడ కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వదిన, పిల్లలు బాగున్నారా? రెడ్డిగూడెం తోటల్లో మామిడి కాయకోత మొదలై ఉంటుంది. అమ్మని ఎండలో తట్టలు మోయనివ్వకు. షెడ్డులో కూర్చుని కాయలు ఏరే పని ఇమ్మని అడుగు.

ఇక్కడ వేసవిలో కూడా సాయంత్రమయ్యేసరికి వాన. సాంబారులో బెల్లం వేస్తారు, ఇప్పటికీ నోటికి పట్టడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త మాగాయ పంపించు. నా గురించి బెంగపడకండి, బాగానే ఉన్నాను. కానీ వారం నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

మా రేడియో ఫ్యాక్టరీలో బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే సూపర్‌వైజరు బల్ల మీదున్న చెక్కబిళ్ల పట్టుకెళ్లాలి. లైనుకంతటికీ ఒకటే బిళ్ల. ఒకరు తిరిగొచ్చేదాకా మిగతావాళ్లు ఓర్చుకోవాల్సిందే. నా పక్కన పనిచేసే సరోజ, కోలారు తెలుగమ్మాయి, ఇప్పుడు కడుపుతో ఉంది. మొన్నామధ్య బిళ్ల కోసం చూసి చూసి, కూర్చున్నచోటే చీర తడుపుకుంది. చేతిలో పని ఆపకుండానే ఏడ్చింది.

ఆ తర్వాతే వర్కర్ల కమిటీ ఎలక్షన్లు వచ్చాయి. కమిటీలో మా లైను సీటు ఎప్పుడూ సూపర్‌వైజరు బావమరిదిదే, పోటీ ఉండదు. ఈసారి ఆడవాళ్లంతా నన్ను నిలబడమన్నారు. ధైర్యం చేసి పేరిచ్చాను. గెలిచాను అన్నయ్యా! నాకే నమ్మకం కలగలేదు.

ఫలితం చదివిన ఆఫీసరు గారు నెల్లూరు మనిషి. అందరి ముందూ నవ్వుతూ, "నాగమణీ, యూ ఆర్ ఎ డార్క్ హార్స్!" అన్నారు. డార్క్ అంటే నలుపు, హార్స్ అంటే గుర్రం, ఆమాత్రం నాకూ తెలుసు. మన ఊళ్లో చిన్నప్పుడు నన్ను కాకిపిల్ల అని ఏడిపించేవాళ్లు గుర్తుందా? ఇంత దూరం వచ్చినా ఈ రంగు నన్ను వదల్లేదే అనిపించింది. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు ఉండబట్టలేక ఆయన గదికే వెళ్లాను.

"నా రంగు గురించి అందరి ముందూ అలా అనొచ్చాండీ?" అన్నాను.

ఆయన కంగారుపడ్డారు. "అయ్యో, రంగు కాదమ్మా! అది గుర్రప్పందాల్లో మాట. ఎవరికీ పెద్దగా తెలియని గుర్రం, గెలుస్తుందని ఎవరూ అనుకోని గుర్రం గెలిస్తే అలా అంటారు. ఎలక్షన్లలో, ఆటల్లో కూడా వాడతారు. నిన్ను మెచ్చుకున్నానమ్మా."

సరేనని గుమ్మందాకా వచ్చాను. మళ్లీ వెనక్కి తిరిగాను.

"ఎవరికీ తెలియదంటారేంటండీ? మా లైన్లో ఆడవాళ్లందరికీ తెలుసు. మీకే తెలియదు."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. ఎలా అనగలిగానో నాకే తెలియదు.

నిన్న మేనేజ్‌మెంటుతో కమిటీ మొదటి మీటింగు. బిళ్ల తీసేయమని అడిగాను. "ఆలోచిస్తాం" అన్నారంతే. ఇవాళ పొద్దున సరోజ బిళ్ల ముట్టుకోకుండా లేచి వెళ్లింది. ఆమె వెనకే ఇంకొకామె. సూపర్‌వైజరు మండిపడుతూ, "ఎవరిచ్చారు పర్మిషను?" అని అరిచాడు. లైనంతా నావైపు చూసింది. నేను లేచి, "నేనిచ్చానండీ" అన్నాను.

సూపర్‌వైజరు విసవిసా ఆఫీసు వైపు వెళ్లాడు. సాయంత్రం దాకా ఎవరూ నన్ను పిలవలేదు. సోమవారం పిలుస్తారేమో. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. భయంగానే ఉంది, కానీ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఈ సంగతి అమ్మకి ఇప్పుడే చెప్పకు. గెలిచానని మాత్రం చెప్పు.

అమ్మకీ, పెద్దమ్మకీ నా దండాలు. వదినను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. పెద్దవాళ్లంతా నన్ను మనసులో దీవించండి. ఈ సోమవారానికి అది నాకు కావాలి.

నీ చెల్లెలు,
నాగమణి