ఏరగా మిగిలిన శనక్కాయలు

ప్రియమైన వదినకు,

నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? పాప ఏడవకుండా బడికి పోతోందా? కమలాపురంలో ఎండలు మండుతుంటాయి, ఈ బెల్జియంలో మాత్రం మూడు వారాలుగా ముసురే. బట్టలు ఆరవు, మాట్లాడే మనిషి దొరకడు. నువ్వు పంపిన శనక్కాయల పొడి అన్నంలో కలుపుకున్నప్పుడు మాత్రం ఇంట్లో ఉన్నట్టే ఉండేది. దిగులుపడకు, బాగానే ఉన్నాను.

నా పనేమిటని అడిగావు కదా. శనక్కాయకు బూజు పడితే అందులో ఒక విషం పుడుతుంది. కంటికి కనబడదు, వేయించినా పోదు. దాన్ని పట్టే చిన్న బిళ్ల తయారు చేస్తున్నాం. తడిమట్టిలో గింజను నొక్కి తీస్తే గుంత మిగులుతుంది చూడు, అలాగే ప్లాస్టిక్ పొరలో ఆ విషానికి సరిపోయే గుంతలు చేస్తాం. విషం వచ్చి అందులో కూర్చుంటే మీటరులో అంకె పెరుగుతుంది. ఒంట్లోకి వచ్చిన రోగక్రిమిని మన ఒళ్లు పట్టి ఆపే తీరు చూసి నేర్చుకున్న ఉపాయమే ఇది. చాలా చవక, రేపు మన అంగట్లోనూ పెట్టుకోవచ్చు.

బిళ్ల సరిగా పనిచేస్తోందో లేదో తేలాలంటే విషం లేని శనక్కాయ కావాలి. మా వదిన పొడికంటే శుభ్రమైనది ఎక్కడ దొరుకుతుందని అదే తీసుకుపోయాను. అంకె పెరిగింది. తప్పు బిళ్లదేననుకుని పదిహేను రోజులు మళ్లీ మళ్లీ చేశాను. చివరికి మా ప్రొఫెసరమ్మ "అసలు ఆ పొడిని పరీక్షించావా?" అంది. నాకు ఒళ్లు మండింది. పెద్ద యంత్రంలో పెట్టి చూస్తే బిళ్ల చెప్పిందే నిజం. నువ్వు విడిగా పంపిన గింజలు నూరి చూస్తే అంకె కదల్లేదు.

అప్పుడు ఫోన్లో నువ్వన్న మాట గుర్తొచ్చింది. "మంచియన్నీ అంగడికి పోతాండాయి సరళా, దోసెడు నీకు ఏరి పెట్టినా. ముడుసుకపోయినయి, నల్లబడినయి పొడికి చాల్లే, ఇంట్లో మనమే కదా తినేది." ఏడుపొచ్చింది వదినా.

నేనూ తిన్నాను, నాకేం కాలేదు, భయపడకు. కానీ ఏళ్ల తరబడి తింటే కాలేయం చెడుతుంది. ఇంట్లో ఉన్న ఆ పొడి డబ్బా పారబొయ్యి. గేదెకూ పెట్టొద్దు, పాలలోకి వస్తుంది. అన్న "ఇన్నేండ్లు తింటాండాం, ఇప్పుడేమొచ్చె?" అంటాడు. ఒక్కసారి నా మాట వినమను.

అమ్మకు నమస్కారాలు, పాపకు ముద్దులు. అన్నా నువ్వూ నన్ను మనసారా దీవించండి. నాకిక పార్సిల్ వద్దు. నాకోసం ఏరే ఆ దోసెడు గింజలు పాపకు పెట్టు, నీ కంచంలోనూ వేసుకో.

నీ ఆడబిడ్డ,
సరళ