ఏడో టీచర్

మార్చి 14, ఆదివారం

లెక్కలక్కకి,

ట్రైనింగు హాస్టల్లో నీ పక్క మంచం సైన్సు చెల్లి నమస్కరించి రాస్తున్నది. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, మోకాళ్ళు మాత్రం నా మాట వినడం మానేశాయి. పదకొండేళ్ళ తర్వాత నా దస్తూరీ చూసి, కవరు పక్కన పడేయకుండా ఇంతవరకూ చదివావంటే, మిగతాదీ చదువుతావని ఆశ.

ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాను. కాలేజీలో నా గది ఖాళీ చేస్తుంటే బీరువా అడుగున మన ట్రైనింగు నాటి లెసన్ ప్లాన్ల పుస్తకం దొరికింది. అట్ట మీద నీ ముత్యాల్లాంటి అక్షరాలు. నేల మీదే చతికిలబడి చదువుతూ కూర్చున్నాను. మనిద్దరికీ కలిపి ఒకటే చేతిగడియారం, గుర్తుందా? నీ పీరియడ్ అవగానే వరండాలో ఎదురొచ్చి నా చేతికి తొడిగి, "భయపడకే, వాళ్ళు పిల్లలేగా!" అని పంపేదానివి. సాయంత్రాలు ఖాళీ క్లాసులో బోర్డు మీద రాత సాధన. నువ్వు ఉత్త చేత్తో గీసిన సున్నా వృత్తలేఖినితో గీసినట్టుండేది. నా సుద్దముక్క కీచుమనేది, నువ్వు చెవులు మూసుకునేదానివి.

తర్వాత నువ్వు బడిలోనే ఉండిపోయావు. నేను నాలుగేళ్ళు పాఠాలు చెప్పి, పై చదువుల పేరుతో ఇటొచ్చి, టీచర్లని తయారుచేసే లెక్చరర్నయ్యాను. పరిశోధనా దాని మీదే. 'నేను టీచర్ని' అని మనిషికి లోపల ఎప్పుడనిపిస్తుంది, ఎప్పుడు అనిపించకుండా పోతుంది అని. టేపు రికార్డరు సంచిలో వేసుకుని బడిబడికీ తిరిగాను. మీ ఇంటికీ వచ్చాను. చాలాసేపు నవ్వించి, చివర్లో గొంతు తగ్గించి చెప్పావు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒకరోజు క్లాసు అదుపు తప్పితే, సుద్దముక్క అక్కడే పెట్టి, గంట కొట్టేదాకా సైకిళ్ళ షెడ్డులో కూర్చుని ఏడ్చావట. "ఇది మాత్రం రాయకే," అన్నావు.

ఆ పరిశోధన పుస్తకంగా అచ్చయింది. అందులో టీచర్లకి పేర్లు లేవు, అంకెలే. ఏడో టీచర్ క్లాసు మధ్యలో బయటికెళ్ళి, ల్యాబులో తలుపేసుకుని ఏడుస్తుంది. నువ్వు ఫోన్ చేసి, "షెడ్డుని ల్యాబు చేస్తే నన్ను నేను పోల్చుకోలేననుకున్నావా? నా ఏడుపుతో డాక్టరేట్ తెచ్చుకున్నావు," అని పెట్టేశావు. నేను తిరిగి ఫోన్ చెయ్యలేదు.

మొన్న బడికి పాఠం చెప్పడానికి పంపిన ట్రైనీ అమ్మాయి రెండో రోజే తిరిగొచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "నేను మానేస్తాను మేడమ్. నలభైమంది ఒక్కసారిగా నవ్వారు," అంది. మళ్ళీ తనే, "మీకెప్పుడైనా ఇలా అయిందా?" అనడిగింది. ఊరంతా తిరిగి ఆ ప్రశ్న అందరినీ అడిగినదాన్ని నేను. నన్నెవరూ అడగలేదు. "అందరికీ అవుతుందమ్మా," అని మాట దాటేశాను. నువ్వైతే ఆ పిల్లకి ఏం చెప్పాలో తెలిసేది. అప్పట్నించీ నువ్వే గుర్తొస్తున్నావు.

వీడ్కోలు సభకి రమ్మని పిలవడానికి నాకు ముఖం లేదు. నువ్వు మాత్రం చల్లగా ఉండాలి.

నువ్వు కాదన్నా నీ,
సైన్సు చెల్లి

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. అక్కా, ఏడో టీచర్ నువ్వు కాదు. నీ టేపు నేను వాడనేలేదు. ఆ ల్యాబులో తలుపేసుకున్నది నేను. నాలుగో ఏడు, ఎనిమిదో తరగతి ముందు నిలబడితే నోరు పెగల్లేదు. నువ్వు మర్నాడు మళ్ళీ క్లాసులోకి వెళ్ళావు. నేను వెళ్ళలేదు. సెలవు పెట్టి కాలేజీకి అర్జీ రాశాను. పై చదువులూ లేవు, పాడూ లేదు, పారిపోయి వచ్చాను. టీచర్లకి పాఠాలు చెప్పేదాన్ని, ఆ మాట ఎలా ఒప్పుకోను? నీకు కోపమొస్తే రానీ, నా సంగతి బయటపడకుంటే చాలనుకున్నాను. నిన్ను పోగొట్టుకున్నాను.

రేపు పొద్దున్నే ఆ అమ్మాయిని పిలిచి ఇదంతా చెప్తాను. కానీ నీకు చెప్పకుండా ఇంకొకరికి చెప్పడం న్యాయం కాదనిపించింది.